మరువ పారేదాకా

వాన తప్పిన ఏడు, రోహిణి కార్తె ఎండలో ధర్మవరం చెరువు కట్టెక్కితే నీళ్లుండాల్సిన చోట నెర్రెలిచ్చిన ఒండ్రు కనిపిస్తుంది. సీమతుమ్మ పొదలు, వాటి నీడకు చేరిన మేకలు, దూరంగా ఎండకు మెరిసే ఒక మడుగు. క్రియాశక్తి ఒడయారు ఈ చెరువు కట్టించాడనీ, అతని తల్లి ధర్మాంబ పేరు మీదే ఊరికి ధర్మవరమని పేరొచ్చిందనీ అక్కడివాళ్లు చెప్పుకుంటారు. నీళ్లున్న ఏడు ఇదే కట్ట మీద తెల్లారకముందే గాలమేసుకు కూర్చున్న మనిషి ఇప్పుడు ఆ దారిన పోతే కాసేపు ఆగుతాడు. తన బెండు ఎక్కడ తేలేదో, తీగ ఏ తుంగలో చిక్కుకునేదో, మొదటి కొర్రమట్ట ఎక్కడ పడిందో ఎండిన నేల మీద కూడా వేలు పెట్టి చూపించగలడు. చూడ్డానికి పక్కన ఎవరూ ఉండరు. బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోతాడు.

ఈ అధ్యాయం అతని కోసం.

సినిమా పిచ్చినీ క్రికెట్ పిచ్చినీ ఇంట్లోవాళ్లు అర్థం చేసుకుంటారు. గాలం పిచ్చి అంత సులువుగా అర్థం కాదు. ‘చేపలే కావాలంటే బజార్లో కిలో తెచ్చుకుంటే పోలా?’ అంటారు. అందులో తప్పేమీ లేదు, కానీ అతని దగ్గర జవాబుండదు. తనకు కావాల్సింది చేప ఒక్కటే కాదని తెలుసు, ఇంకేమిటో చెప్పడం చేతకాదు. వారాలు గడిచేకొద్దీ ఆదివారం పొద్దున్నే మెలకువ రావడమే ఒక బాధవుతుంది. చిన్న మాటకు చిరాకు పడతాడు. రాత్రిళ్లు ఫోన్‌లో ఎవరెవరో ఎక్కడెక్కడో పెద్ద పెద్ద చేపలు లాగే వీడియోలు చూస్తూ పడుకుంటాడు. అవి చూసిన కొద్దీ ఆకలి పెరుగుతుందే తప్ప తీరదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే కష్టం కాదు. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడేదాకా ఈ మూడు ఊళ్లూ అనంతపురం జిల్లాలోవే. ఆ ఉమ్మడి జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా దానికి పేరు. నంది కొండల్లో పుట్టిన పెన్న హిందూపురం దగ్గర ఆంధ్రలోకి వస్తుంది. పరిగి దగ్గర జయమంగళి వచ్చి కలుస్తుంది. ఆ రెండు పేర్లూ మ్యాపులో నీలిరంగు గీతలే. ఏడాదిలో ఎక్కువ రోజులు అవి ఇసుక దారులు. ఇలాంటి నేల మీద గాలం పట్టుకున్నవాడికి వేట ఉన్న రోజులకన్నా లేని రోజులే ఎక్కువ. కాబట్టి లేని రోజుల్ని ఎలా గడపాలన్నది అతని విద్యలో సగభాగం. ఆ సగాన్ని ఎవరూ నేర్పరు.

నీళ్లు లేకపోవడం ఒక్కటే అడ్డంకి కూడా కాదు. చెరువులో నీళ్లుంటాయి, కానీ చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘానిదో, లీజుకు తీసుకున్నవాళ్లదో అయివుంటుంది. ధర్మవరంలో పెళ్లిళ్ల ముహూర్తాలు దగ్గరపడితే పట్టుచీర మగ్గం దిగడానికి వీలుండదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు మారితే తెల్లవారుజాము నిద్రకే పోతుంది. కొందరు పనికోసం బెంగళూరు వెళ్లి అద్దె గదిలో ఉంటారు. కొందరికి నడుము పట్టేస్తుంది, కంటికి ఆపరేషన్ అవుతుంది, మంచాన పడ్డ అమ్మను వదిలి కదల్లేని పరిస్థితి వస్తుంది. కారణాలు వేరు, లోపలి వెలితి ఒకటే.

ఆ వెలితి ఇంత గట్టిగా ఎందుకు పట్టుకుంటుందో తెలుసుకుంటే దాన్ని మోయడం కొంత తేలికవుతుంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద చాలా ఏళ్లు ప్రయోగాలు చేశాడు. ఛార్లెస్ ఫెర్‌స్టర్‌తో కలిసి 1957లో వాటిని పెద్ద పుస్తకంగా తెచ్చాడు. మీటను ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ పడితే పావురం ఆకలి తీరగానే ఆపేస్తుంది. ఎన్ని పొడుపులకు గింజ పడుతుందో తెలియకుండా చేస్తే మాత్రం ఆపకుండా పొడుస్తూనే ఉంటుంది. గాలం పని సరిగ్గా ఇలాంటిదే. మూడు గంటలు ఏమీ పడదు, నాలుగో గంటలో బెండు ఒక్కసారి మునుగుతుంది. ఆ ఒక్క మునక తర్వాతి నెల రోజుల ఆదివారాలను లాక్కుంటుంది. అంటే చేపల వేట మీద మనసు పోవడం బలహీనతా కాదు, సోమరితనమూ కాదు. ఎప్పుడొస్తుందో తెలియని ఫలితం కోసం కాచుకునేలా ప్రాణి మెదడే తయారైంది. ఈ సంగతి తెలిసినవాడు తనను తాను తిట్టుకోవడం మానేస్తాడు. మొదట జరగాల్సింది అదే.

తర్వాత చేయాల్సింది, పోగొట్టుకున్నదాన్ని విడదీసి చూడడం. ‘వేట లేదు’ అనే ఒక్క మాటలో చాలా లేమిలు మూటకట్టి ఉంటాయి. తెల్లవారుజాము చల్లదనం, నీళ్ల మీద చూపు, చేతివేళ్ల పని, మాట్లాడకుండా పక్కన కూర్చునే స్నేహితుడు, ఇంటికొచ్చాక పులుసు. ఒక్కొక్కరికి ఒక్కోటి ముఖ్యం. అన్నిటినీ ఒకేసారి తిరిగి తెచ్చుకోవడం కుదరకపోవచ్చు, విడివిడిగా చూస్తే వీటిలో చాలావాటికి చెరువు నిండనక్కర్లేదు. ఒక కాగితం మీద రాసుకుని, దేనికోసం ప్రాణం ఎక్కువ కొట్టుకుంటోందో గుర్తించినవాడికి సగం దారి దొరికినట్టే.

నీళ్ల మీద చూపు సంగతే తీసుకుందాం. రేచల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ దంపతులు 1989లో ప్రకృతి అనుభవం గురించి రాసిన పుస్తకంలో ఒక ముఖ్యమైన విషయం చెప్పారు. లెక్కలు చూడడం, బండి నడపడం లాంటి పనులకు మనసును బలవంతంగా ఒకచోట నిలబెట్టాలి, అందువల్ల అది అలసిపోతుంది. అలలు, ఆకులు, మబ్బులు మాత్రం మనసును మెత్తగా పట్టి ఉంచుతాయి, ఆ సమయంలో అలసిన భాగం తేరుకుంటుంది. నీటి మీద బెండును చూస్తూ కూర్చున్నవాడికి జరిగేది ఇదే. మరి నీళ్లు లేనప్పుడు? ఇంగ్లండ్‌లోని ప్లిమత్ జాతీయ సముద్ర అక్వేరియంలో ఒక పెద్ద తొట్టిని ఖాళీ చేసి మళ్లీ కొద్దికొద్దిగా చేపలను నింపుతున్న రోజుల్లో, దాని ముందు నిలబడ్డవాళ్ల గుండె వేగాన్నీ రక్తపోటునూ పరిశోధకులు కొలిచారు. 2015లో ఫలితాలు వచ్చాయి. తొట్టి చూస్తున్నంతసేపట్లో అవి తగ్గాయి, చేపలు పెరిగినకొద్దీ చూసేవాళ్ల ఆసక్తీ పెరిగింది. ఇంటి వరండాలో ఒక సిమెంటు తొట్టి, అందులో నాలుగు చిన్న చేపలు, కాస్త నాచు పెట్టుకోవడం ఖర్చుతో కూడిన పనేమీ కాదు. పొద్దున కాఫీ గ్లాసుతో దాని పక్కన పావుగంట కూర్చోవచ్చు. చెరువుకు అది ప్రత్యామ్నాయం కాదు. కానీ మంచం మీదినుంచి లేవలేని రోజుల్లో ఆ పావుగంట విలువ చాలా ఎక్కువ. రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో, పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు ఇటుక గోడ కనిపించినవాళ్లకన్నా త్వరగా ఇంటికి వెళ్లారు, నొప్పి మందులూ తక్కువ అడిగారు. గాలం ప్రేమికుడు జబ్బు పడితే ఇంట్లోవాళ్లు అతని మంచాన్ని కిటికీ వైపు జరపడం వైద్యంలో భాగమే అనుకోవాలి.

ఇంకా మంచి దారి ఒకటి హిందూపురానికి దగ్గర్లోనే ఉంది. చిలమత్తూరు మండలం వీరాపురానికి ఏటా ఎర్రకాళ్ల కొంగలు గుంపులుగా వస్తాయి. ఊళ్లోని చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, వానాకాలంలో వెళ్లిపోతాయి. చాలామంది వాటిని సైబీరియా కొంగలంటారు కానీ అవి మన దక్షిణాసియా పక్షులే. వీరాపురం జనం వాటిని ఊరికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు, రాయి వేయనివ్వరు. ఆ కొంగ వేటాడే తీరు గాలమేసేవాడు తప్పకుండా చూడాలి. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, కొద్దిగా తెరిచిన ముక్కును నీళ్లలో ముంచి అటూ ఇటూ కదుపుతుంది. ఒక కాలితో అడుగున బురదను కదిలిస్తుంది. కంటితో చూసి పట్టదు. చేప ముక్కుకు తగిలిన మరుక్షణం టక్కున మూస్తుంది. బెండు వాడకుండా తీగను వేలికి చుట్టుకుని, స్పర్శతోనే చేప కదలిక పట్టే పాతకాలపు గాలగాళ్ల పద్ధతి ఇదే కదా. మిగిలిన మడుగుల దగ్గర ఒక ఉదయమంతా దీన్ని చూసి వచ్చినవాడు ఖాళీ చేతులతో రాడు. ఒక్క నియమం, గూళ్ల కిందికి పోకూడదు, చప్పుడు చేయకూడదు.

కంటి సంగతి వచ్చింది కాబట్టి ఎడ్వర్డ్ గ్రే గురించి చెప్పుకోవాలి. 1905 నుంచి 1916 దాకా బ్రిటన్ విదేశాంగ మంత్రిగా పనిచేసిన ఈయన గాలం వేటంటే ప్రాణమిచ్చేవాడు. 1899లోనే ఈగ గాలంతో చేపలు పట్టడం మీద పుస్తకం రాశాడు. మంత్రి పదవి ఆయన్ని లండన్‌లో కట్టిపడేసింది. ఆ తర్వాత అంతకన్నా పెద్ద దెబ్బ తగిలింది. చూపు మసకబారుతూ వచ్చింది, నీటి మీద తేలే చిన్న ఈగ గాలం కనిపించడం మానేసింది. అప్పుడాయన చెవిని ఆశ్రయించాడు. పక్షుల కూతల్ని విని గుర్తుపట్టడంలో మునిగిపోయాడు. 1927లో పక్షుల మీద ఆయన రాసిన పుస్తకం ఇంగ్లీషు పాఠకులు ఇప్పటికీ ఇష్టంగా చదివేది. నదీతీరంలో గంటలకొద్దీ నిశ్శబ్దంగా కూర్చోవడం నేర్చుకున్న మనిషి కాబట్టే ఆ వినికిడి అలవడింది. వేట శాశ్వతంగా దూరమైనవాళ్లకు, అంటే వయసు వల్లో జబ్బు వల్లో ఇక కట్ట ఎక్కలేనివాళ్లకు, ఈ ఉదాహరణ ధైర్యాన్నిస్తుంది. గాలం నేర్పిన ఓపిక గాలంతోపాటు అటకెక్కిపోదు.

ఇప్పుడు చేతుల పని. ధర్మవరంలో గుంట మగ్గం మీద కూర్చునే ఒక నేతగాడిని అనుకుందాం. ముహూర్తాల సీజనులో అతనికి చెరువు ముఖం చూసే తీరిక లేదు. కానీ పాత పడుగు చివర కొత్త పడుగును పోగుకు పోగు అతికే కళ తెలిసిన వేళ్లవి. నైలాన్ తీగకు ముడి వేయడంలో అతనికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అయినా ఒక సంగతి నూలుకూ పట్టుకూ వర్తించదు, నైలానుకు వర్తిస్తుంది. ముడి బిగించేముందు ఉమ్మితోనో నీళ్లతోనో తడపాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి తీగ అక్కడే బలహీనపడి, పెద్ద చేప పడ్డ రోజున సరిగ్గా ముడి దగ్గరే తెగుతుంది. రాత్రి పనయ్యాక పది నిమిషాలు, నిద్రకు ముందు, కళ్లు మూసుకుని ముడి వేయడం సాధన చేయవచ్చు. తెల్లవారుజాము చీకట్లో అది అక్కరకొస్తుంది.

గాలం మొన పదును చూడడానికి పాత చిట్కా ఒకటుంది. మొనను బొటనవేలి గోరు మీద ఆనించి మెల్లగా లాగాలి. గోటికి పట్టుకుంటే పదునున్నట్టు, జారిపోతే ఆకురాయికి పని ఉన్నట్టు. ఎండ తగిలే కిటికీలో పెట్టిన నైలాన్ తీగ నెలల్లోనే పెళుసవుతుంది, దాన్ని చీకటి పెట్టెలోకి మార్చాలి. రీలు విప్పి పాత గ్రీజు తుడిచి, కొత్తది పూయాలి. బెండ్లు తయారు చేయడమైతే ఒక ఎండాకాలానికి సరిపడా కాలక్షేపం. ఎండిన జొన్న దంటు లోపలి బెండును చెక్కి, దారం చుట్టి, పైన ఎర్ర రంగు, కింద తెల్ల రంగు వేసి, బకెట్ నీళ్లలో ఎంత సీసానికి ఎంత మునుగుతుందో చూసుకుంటూ పోతే సాయంత్రం ఎప్పుడైందో తెలియదు. పిల్లలుంటే పక్కన చేరతారు. వాళ్లను పొమ్మనకూడదు.

ఎర సంగతీ చూసుకోవాలి. కరువు ఏడు ఎర్రలు దొరకవు, నేల ఎండితే అవి లోతుకు పోతాయి. నీడపట్టున ఒక తొట్టిలో పేడ, ఎండుటాకులు, కూరగాయల తొక్కులు వేసి, తడి ఆరకుండా గోనెపట్టా కప్పి పెంచుకుంటే ఎర్రలు ఇంట్లోనే పెరుగుతాయి. చింతపండు, నిమ్మతొక్కల్లాంటి పులుపు వేయకూడదు. నీళ్లు నిలవకూడదు. వేట లేకపోయినా ఆ ఎరువు మల్లెచెట్టుకు పనికొస్తుంది, ఇంట్లో ఆ తొట్టికి మన్నన దక్కుతుంది.

చదువుకునేవాళ్లకు దారి ఇంకా విశాలం. ఈ ప్రాంతపు గాలగాడికి తన విద్యకు ఎంత పాత చరిత్ర ఉందో చాలాసార్లు తెలియదు. పన్నెండో శతాబ్దంలో కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రచించిన సంస్కృత గ్రంథం మానసోల్లాసంలో రాజుల వినోదాల మధ్య మత్స్యవినోదం అని ఒక భాగం ఉంది. సముద్రపు చేపలూ మంచినీటి చేపలూ కలిపి సుమారు 35 రకాలను అందులో వివరించాడు. ఏ చేపకు ఏ మేత, తీగ దేనితో పేనాలి, కర్ర ఎలా ఉండాలి, అన్నీ ఉన్నాయి. చేపల శాస్త్రవేత్త సుందర్ లాల్ హోరా 1951లో ఆ భాగాన్ని పరిశీలించి ఆధునిక పాఠకులకు పరిచయం చేశాడు. ఒక మహారాజు గాలం గురించి ఇంత శ్రద్ధగా రాశాడని తెలిస్తే, ‘పనీపాటా లేనివాళ్ల పని’ అనే మాట ఇక అంతగా గుచ్చుకోదు. తర్వాత మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ అనే ఆంగ్లేయుడు 1873లో భారతదేశపు గాలం వేట మీద ఒక పుస్తకం, 1887లో కేవలం మన చెరువుల్లో గాలమేయడం మీద ఇంకో పుస్తకం రాశాడు. నదుల సాల్మన్, ట్రౌట్ చేపల మధ్య పెరిగిన దేశస్థుడు మన చెరువు కోసం ప్రత్యేకంగా పుస్తకం రాశాడంటే, ఆ నీళ్లలో ఎంత పాఠముందో ఆలోచించాలి.

చెరువు గురించే ఇంకో చదువు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడి చెరువును వెయ్యిమంది కూలీలతో రెండేళ్లలో కట్టించిన వైనం, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. దాని గురించి చదివినవాడు పెనుకొండ భోగసముద్రం కట్ట మీద నడిస్తే అది మునుపటి కట్టలా కనిపించదు. నీళ్లు ఏ వంక నుంచి రావాలి, ఆ వంక ఎక్కడ పూడింది, తూము ఎటు, మరువ ఎటు అని వెతకడం మొదలుపెడతాడు. చెరువు ఎండినప్పుడే దాని అడుగు కనిపిస్తుంది. లోతైన గుంటలు, పాత బావులు, మునిగిన మొద్దులు, రాతి గుట్టలు. నీళ్లొచ్చాక చేప నిలిచేది వీటి పక్కనే. ఎండిన చెరువులో నడిచి వీటి పటం గీసుకునే అవకాశం నిండు చెరువు దగ్గర కూర్చునేవాడికి ఎప్పటికీ రాదు. ఈ అధ్యాయంలో ఒక్క పని మాత్రమే చేయగలిగితే ఇది చేయాలి.

నోటుపుస్తకం ఒకటి పెట్టుకోవాలి. తేదీ, కార్తె, పడిన వాన, చెరువులో నీటి మట్టం, కనిపించిన పక్షులు. అందులో రాసే ప్రతి విషయం వెనుక కారణం ఉంటుంది. ఉదాహరణకు, 20 డిగ్రీల వేడిలో లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టి ఉంచుకోగలదు, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి తెల్లవారేముందు నీళ్లలో అది బాగా తక్కువ. మబ్బు పట్టిన ఉదయాల్లో శీలావతి, బొచ్చె పైకి వచ్చి నోరు తెరవడం అందుకే. కొర్రమట్ట గాలి పీల్చుకునే చేప, దానికి ఆ బాధ లేదు. ఇలాంటివి ఇంటి దగ్గర కూర్చుని అర్థం చేసుకున్నవాడికి తర్వాత నీళ్లు తెరిచిన పుస్తకంలా కనిపిస్తాయి.

ఎదురుచూపును కూడా ముక్కలు చేసుకోవాలి. ‘వానలు పడేదాకా’ అనుకుంటే అది అంతులేనిది. మన పెద్దలు ఏడాదిని కార్తెలుగా కొలిచారు, ఒక్కోటి పదమూడు, పద్నాలుగు రోజులు. రోహిణిలో బెండ్లు, మృగశిరలో తీగలు, ఆరుద్రలో ఎర్రల తొట్టి అని పనుల్ని పంచుకోవచ్చు. జూన్ నడుమ ఒక విశేషం ఉంది. మన తూర్పు తీరంలో సముద్రపు వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై 61 రోజుల తర్వాత జూన్ 14తో ముగుస్తుంది. ఇంగ్లండ్ నదుల్లో గాలం వేటకు మార్చి 15 నుంచి సెలవు, అదీ దాదాపు అప్పుడే, జూన్ 15తో అయిపోతుంది. 16న అక్కడివాళ్లు పండగలా నదికి పోతారు. రెండుచోట్లా నిషేధపు రోజులు వృథా పోవు. మన మత్స్యకారులు పడవలకు మరమ్మతు చేస్తారు, వలలు అల్లుకుంటారు. ఇంగ్లండ్‌వాళ్లు దారంతో, ఈకలతో ఈగ గాలాలు కట్టుకుంటారు. సత్యసాయి జిల్లావాళ్లకు మాత్రం మృగశిర వచ్చినా చెరువుకు నీళ్లు రావు. హస్త, చిత్త కార్తెల వానలకు, అంటే సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు దాకా, ఆగాల్సిందే. ఈ నిజాన్ని ముందే ఒప్పుకుంటే జూన్‌లో నిరాశ పడక్కర్లేదు.

పెనుకొండవాళ్లకు గత కొన్నేళ్లుగా ఇంకో ఆశ ఉంది. నందికొట్కూరు దగ్గరి మాల్యాల వద్ద శ్రీశైలం వెనుక జలాలను ఎత్తిపోసే హంద్రీ-నీవా పథకం ద్వారా 2016 చివర్లో గొల్లపల్లి జలాశయానికి కృష్ణా నీళ్లు చేరాయి. ఇక్కడ మబ్బు లేకపోయినా ఎక్కడో పడిన వాన ఇక్కడి నీరవుతుంది. అయితే జలాశయమైనా చెరువైనా, చేపలు ఎవరి హక్కో తెలుసుకుని, అడిగి మరీ వేయాలి. చేపపిల్లలు కొని వదిలి, వాటిమీదే బతికే కుటుంబాలున్న నీళ్లవి. లీజు చెరువులో రాత్రిపూట దొంగచాటుగా గాలమేసి తెచ్చిన చేప రుచిగా ఉండదు. అడిగినవాడికి చాలాసార్లు మర్యాదే దక్కుతుంది. ‘అన్నా, వలలేసే రోజు నేనూ వస్తా, తాడు పడతా’ అన్నవాడు ఒక్క ఉదయంలో పదేళ్ల అనుభవం వింటాడు. పైనీళ్లలో బొచ్చె, నడుమ శీలావతి, అడుగున మోసు ఎందుకు తిరుగుతాయో వాళ్లు పుస్తకం లేకుండా చెబుతారు.

తొందర ఎక్కువైన రోజులకు ముందుగానే ఒక ఏర్పాటు ఉండాలి. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసంలో, ‘ఇది జరిగితే అది చేస్తాను’ అని స్పష్టంగా అనుకున్న చిన్న సంకల్పాలు ఉత్త ఉద్దేశాలకన్నా బాగా నెరవేరతాయని చూపించాడు. ‘ఆదివారం ఐదింటికి మెలకువ వస్తే ఫోన్ పట్టుకోను, కట్ట దాకా నడిచొస్తాను’. ‘స్నేహితుడు ఫోన్‌లో తాను పట్టిన చేప ఫొటో పంపితే, ఎక్కడ, ఏ ఎరకు పడిందో అడిగి నోటుపుస్తకంలో రాస్తాను’. ఈర్ష్య వచ్చే చోట పని పెట్టుకోవడమే ఇందులోని కిటుకు.

స్నేహితులను వదులుకోకూడదు. వేట లేదు కాబట్టి కలవక్కర్లేదనుకుంటే నాలుగు నెలల్లో ఆ బంధం పలచబడుతుంది. వారానికొకసారి టీ కొట్టు దగ్గరైనా కూర్చోవాలి. హిందూపురం చింతపండు మార్కెట్‌కు పేరున్న ఊరు. మంచి చింతపండు పులుసులో ఎండుచేపలు వేసి, రాగి సంగటి చేసుకుని, అందరూ కలిసి తినే ఒక రాత్రి పెట్టుకుంటే మాటలు వాటంతటవే చెరువుకు పోతాయి.

కొన్ని పనులు మాత్రం ఎంత ఆరాటమున్నా చేయకూడనివి. ఎండుతున్న చెరువులో ఆఖరి మడుగు కనిపిస్తే చేతులు ఊరుకోవు. అందులో మిగిలినవి వచ్చే ఏటికి విత్తనం. కొర్రమట్ట తడి బురదలోకి దూరి, గాలి పీలుస్తూ వానదాకా బతకగలదు. పారతో తవ్వి దాన్ని బయటికి లాగినవాడు తన రాబోయే వేటనే తవ్వి తీసినట్టు. కరెంటు తీగలు, మందులు వేసేవాళ్ల పక్కన నిలబడటం కూడా తప్పే. ఇంకోటి, ఎన్నాళ్లో ఎదురుచూసిన నీళ్లు వరదగా వచ్చినప్పుడు ఏటి దగ్గరకు పరుగెత్తకూడదు. 2021 నవంబరు 19న చిత్రావతి పొంగి, మధ్యలో చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టర్ వచ్చి పైకి లాగాల్సివచ్చింది. ఏడాదంతా ఇసుకగా ఉన్న ఏరు కొన్ని గంటల్లో ఏమవుతుందో ఈ ప్రాంతం చూసింది. ఎర్రనీళ్లలో చేపకు ఎరా కనిపించదు. నీళ్లు తేరుకునేదాకా ఇల్లే మేలు.

ఆ తర్వాత ఒక పొద్దున మరువ పారుతోందని కబురొస్తుంది. పెట్టె తెరిస్తే అన్నీ సిద్ధంగా ఉంటాయి. పదునైన గాలాలు, జొన్నబెండ్లు, నోటుపుస్తకంలో చెరువు అడుగు పటం. అయినా మొదటి రోజు ఉత్త చేతులతో పోయి చూసి రావడం మంచిది. కొత్త నీళ్లలో తుంగ అంచున ఎర్రటి ముద్ద ఒకటి కదులుతూ కనిపించవచ్చు. వందల కొర్రమట్ట పిల్లలు ఒక్క బంతిలా గుమిగూడి, గాలి కోసం పైకి తేలి మళ్లీ కిందికి పోతుంటాయి. వాటి కిందే, కనిపించీ కనిపించకుండా, వాటి తల్లిదండ్రులు కాపలా తిరుగుతుంటాయి. ఏది దగ్గరకొచ్చినా దూకుతాయి కాబట్టి ఆ క్షణంలో గాలమేస్తే ఇట్టే పడతాయి. కాపలా పోతే పిల్లలు మిగలవు. ఇన్ని కార్తెలు ఆగిన మనిషి గట్టు మీద గొంతుక్కూర్చుని, ఆ ఎర్రబంతి తుంగల్లోకి జరిగిపోయేదాకా చూస్తాడు. వాటి పెంపకం అయ్యేదాకా ఆ మూలకు పోనని నోటుపుస్తకంలో రాసుకుని, చెరువుకు అవతలి పక్క, తూము దగ్గర, వచ్చే ఆదివారానికి చోటు చూసుకుంటాడు.